హత్యలత్తయ్య, ఆమె తొలి పాఠకురాలు

ఆ అపార్టుమెంటులో ఆమెను అందరూ హత్యలత్తయ్య అనేవారు. ముందు పిల్లలు మొదలుపెట్టారు, తర్వాత పెద్దవాళ్ళకూ అదే నోట్లో పడిపోయింది. లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ కూడా, "మూడో అంతస్తు హత్యలత్తయ్యగారికి చెప్పండి, మధ్యాహ్నానికి అయిపోతుంది" అని కింద నుంచి కేకేశాడు. ఆమె ఏమీ అనుకోలేదు. కాదనడానికి ఏముంది? పదహారేళ్ళలో ఇరవైకి పైగా నవలలు రాసింది. ప్రతిదాంట్లోనూ కనీసం ఒక మనిషి పోయాడు.

అయితే ఆ చావుల్లో నెత్తురు కనిపించదు. ఒక అధ్యాయం చివర మనిషి తలుపేసుకుంటాడు, తర్వాతి అధ్యాయంలో ఎవరో వచ్చి పోయాడని చెబుతారు. పోయినవాడు కూడా పెద్దగా ఎవరికీ కావలసినవాడు కాదు. పోలీసు అధికారి కాస్త మందమతి, కానీ మంచివాడు. నేరాన్ని పట్టేది గొడుగులు బాగుచేసే ఒక పెద్దావిడ. పాఠకులకు ఆమె గొడుగుల పిన్ని. గొడుగు ఇచ్చినవాళ్ళు వాన తగ్గేదాకా కొట్లో కూర్చుంటారు, కూర్చున్నవాళ్ళు మాట్లాడకుండా ఉండలేరు, పిన్ని చువ్వలు సరిచేస్తూ వింటుంది. చివరికి దొంగ దొరుకుతాడు, మిగిలినవాళ్ళంతా ఒక బల్ల చుట్టూ చేరి టీ తాగుతారు. పడుకునే ముందు చదివితే హాయిగా నిద్రపడుతుందని పాఠకులు ఉత్తరాలు రాసేవారు. తన కథలు చదివి జనం నిద్రపోతున్నారంటే మెచ్చుకోలో తిట్టో ఆమెకు చాలాకాలం అర్థం కాలేదు.

రచయిత్రి కాకముందు ఆమె ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. పని ఎక్కువైనప్పుడు కట్టలు కట్టలు ఇంటికి తెచ్చుకునేది. ఇంట్లో భర్త, భర్త అక్క ఉండేవారు. ఆ వదిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. జీవితమంతా ముక్కూముఖం తెలియని గొంతులు వింటూ గడిపిన మనిషి కాబట్టి, ఎవరు ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. మరదలు దిద్దుతున్న ప్రూఫుల్లో డిటెక్టివ్ నవల కనిపిస్తే చాలు, సగం కట్ట లాక్కుని చదివేది. భోజనాల దగ్గర తీర్పు చెప్పేది.

"ఆ తోటమాలే చేశాడు."

"ఇంకా సగం కూడా అవలేదు కదా వదినా!"

"పనేమీ లేకుండా వాణ్ణి మూడుసార్లు తీసుకొచ్చాడు మీ రచయిత. ఊరికే తీసుకొస్తాడా?"

"అయితే నీకు దొరక్కుండా రాయడం ఎవరివల్లా కాదంటావు."

"నువ్వు రాయి, చూద్దాం."

అలా మొదలైంది. మొదటి నవల పూర్తిగా వదినను ఓడించడానికి రాసింది. వదిన ఓడిపోలేదు. గడియారాలు బాగుచేసేవాడు కథలోకి అడుగుపెట్టిన పేజీలోనే చేయెత్తి, "వీడే" అంది. అయినా ఆ నవల అచ్చయింది, జనానికి నచ్చింది. ఐదో పుస్తకం నాటికి భర్త పోయాడు. వదినా మరదళ్ళిద్దరూ మిగిలారు. రాసిన ప్రతి అధ్యాయమూ సాయంత్రం టీ దగ్గర వదినకు చదివి వినిపించడం, ఆవిడ కనిపెట్టేస్తే మర్నాడు చింపి మళ్ళీ రాయడం. అన్నేళ్ళలో వదినను ఓడించింది ఒకటి రెండుసార్లే. ఓడిన రోజున వదిన అలిగి అన్నం కూడా సరిగ్గా తినేది కాదు.

రాయడం ఒక ఎత్తు, అమ్మడం ఒక ఎత్తు. పబ్లిషరు వయసులో చిన్నవాడు, వ్యాపారంలో పండినవాడు. వీటిని ఆయన "కులాసా హత్యలు" అనేవాడు. "అమ్మా, అట్ట మీద పిల్లి ఉండాలి" అన్నాడు రెండో పుస్తకానికే. కథలో పిల్లి లేదంటే, "పెట్టండి, ఎంతసేపు?" అన్నాడు. గొడుగుల పిన్నికి పిల్లి వచ్చి చేరింది. పిల్లి ఎదురుగా ఉంటే ఆమెకు తుమ్ములు ఆగవు. అయినా ప్రతి శుక్రవారం పాఠకులకు పంపే ఉత్తరంలో పిల్లి ఫోటో ఉండాలి కాబట్టి, ఎదురింటివాళ్ళ పిల్లిని అరువు తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఫోటో తీసేది. ఆ ఉత్తరంలో పిన్ని ఈ వారం ఏం చేసిందో, కొట్టుకు ఎలాంటి గొడుగులు వచ్చాయో నాలుగు ముక్కలు రాయాలి. కొత్త పుస్తకాన్ని అందరికంటే ముందు చదివే ఒక గుంపు ఉండేది, దానిపేరు "తొలి వరుస". వాళ్ళకు ముందుగా ప్రతి పంపాలి, వాళ్ళు నలుగురికీ చెబుతారు. ఒక నవలలో పిల్లికి రెండు రోజులు పాలు పోయడం మరిచిపోయింది రచయిత్రి. శవం సంగతి ఒక్కరూ అడగలేదుగానీ, పిల్లి గురించి తొలి వరుస అంతా కదిలివచ్చింది.

ఆ తొలి వరుసలో ఒకామె ఉండేది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. ప్రతి పుస్తకానికీ తప్పులు రాసి పంపేది. మొదట్లో కిటికీ రెక్కలు పచ్చవన్నారు, చివర్లో నీలమయ్యాయి. పోస్టుమాన్‌కు ఎడమచేతి వాటం కదా, మరి కుడిచేత్తో సంతకం ఎలా పెట్టాడు. ఎప్పుడూ వినయంగానే రాసేది, ఎప్పుడూ నిజమే రాసేది. వదినా మరదళ్ళు ఆమెకు భూతద్దం అని పేరు పెట్టుకున్నారు. కొత్త పుస్తకం వెళ్ళిన వారానికి, "భూతద్దం ఇంకా రాయలేదే, ఒంట్లో బాగోలేదేమో" అని వదిన బెంగపడేది.

రెండేళ్ళ కిందట, బాత్రూములో పళ్ళు తోముకుంటూ వదిన కుప్పకూలిపోయింది. ప్రాణం దక్కింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది, ఒక్క మాట తప్ప. ఎందుకో ఆ ఒక్కటే మిగిలింది: "తర్వాత". దాహమేసినా "తర్వాత", దుప్పటి తడిసినా "తర్వాత", నొప్పి పుట్టినా, నవ్వొచ్చినా "తర్వాత". గొంతును బట్టి ఏది కావాలో తెలుసుకోవాలి. ఒకప్పుడు వదిన గొంతులు వినేది. ఇప్పుడు మరదలి వంతు వచ్చింది.

ఆ రోజు నుంచి ఆమె దినచర్య మారిపోయింది. ఒంటిచేత్తో ఎత్తి పక్కకు తిప్పడం, వీపు తుడవడం, మెత్తగా ఉడికించినది చెంచాతో పెట్టడం, మింగిందో లేదో గొంతు కదలిక చూడడం, వాషింగ్ మెషిన్ వేయడం, ఆరేయడం, మళ్ళీ వేయడం. ఉదయం ఒకావిడ వచ్చి స్నానం చేయించి వెళ్ళేది. వారానికోసారి ఫిజియోథెరపిస్టు వచ్చి చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమనేవాడు. మిగిలినదంతా ఆమే. రాసే బల్లను వదిన మంచం పక్కకు జరుపుకుంది. రెండు వాక్యాలు రాసేసరికి ఒక పిలుపు. మూడో వాక్యం గుర్తొచ్చేసరికి ఇంకో పిలుపు. అయినా రెండు నవలలు రాసింది. సాయంత్రం టీ దగ్గర చదవడం మానలేదు. చదివి, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అడిగేది.

"ఎవరంటావు వదినా?"

వదిన ఆమె ముఖంలోకి చూసేది. కాసేపటికి కళ్ళు కిటికీ వైపు పోయేవి. మర్నాడు ఆమె హంతకుణ్ణి ఇంకో రెండుసార్లు తీసుకొచ్చి, వాడి చెప్పుల బురద సంగతి మళ్ళీ చెప్పి, చదివేది. వదిన కళ్ళు మళ్ళీ కిటికీ వైపే.

మూడో నవల దగ్గర బండి ఆగిపోయింది. ఒక ఉదయం పబ్లిషరు ఫోన్ చేశాడు.

"అమ్మా, అట్ట వచ్చేసింది. పిల్లి ఎంత బాగా కుదిరిందో మీరు చూడాలి."

"పుస్తకం రాలేదు కదా."

"అదే అడుగుదామని. ఎంతవరకు వచ్చింది?"

"శవం దొరికింది."

"దొరికి?"

"అంతే. మూడు నెలలుగా అక్కడే పడుంది. తీసేవాళ్ళు లేరు."

ఆయన నవ్వబోయి ఆగాడు. "ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా. తేదీ కూడా చెప్పేశాం."

"చూడు బాబూ, ఇదే ఆఖరుది. ఇందులో పిన్ని కొట్టు మూసేస్తుంది."

"పిన్నిని చంపేస్తారా?" అన్నాడు, నిజంగా భయపడుతూ.

"చంపను. అంత ఓపిక కూడా లేదు."

పబ్లిషరు ఆ మాటను చెవిన వేసుకోలేదు. పాఠకులను ఒకసారి కలిస్తే మనసు మారుతుందని, ఒక పుస్తకాల షాపు మేడ మీద సభ పెట్టేశాడు. పెట్టాక చెప్పాడు. తిట్టడానికి కూడా శక్తి లేక ఆమె ఒప్పుకుంది. ఆ సాయంత్రానికి ఎదురింటి కోడలిని వదిన దగ్గర కూర్చోబెట్టి, ఏ "తర్వాత"కు ఏమి అర్థమో రెండుసార్లు చెప్పి, బస్సెక్కింది. బస్సులో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. దిగవలసిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచి వచ్చింది.

మేడ మీద చిన్న గది, మడత కుర్చీలు, ఒక బల్ల, దాని మీద టీ ఫ్లాస్కు. బయట ఎండ కాస్తోంది, లోపల అందరి చేతుల్లోనూ గొడుగులే. పిన్ని పాఠకులకు అదొక సరదా, ఎక్కడ కలిసినా గొడుగు తెస్తారు. ఒకావిడైతే కూర్చోగానే గొడుగు విప్పేసింది, వెనక వరుసవాళ్ళు గోల చేస్తే ముడిచింది. ఎప్పుడూ అడిగే ప్రశ్నలే అడిగారు. హంతకుడెవరో రాయకముందే మీకు తెలుస్తుందా? తెలుస్తుంది. పిల్లి వయసెంత? చెప్పకూడదు, పిల్లికి కోపమొస్తుంది. నవ్వారు. పిన్ని పెళ్ళెందుకు చేసుకోలేదు? కుదరలేదు. ఇవన్నీ ఆమె ఎన్నోసార్లు చెప్పిన జవాబులు. నోరు దానంతట అది చెబుతూ పోయింది. మనసు మాత్రం, ఎదురింటి కోడలు నీళ్ళు పట్టేటప్పుడు తల కింద దిండు ఎత్తుగా పెట్టిందో లేదో అని అక్కడే తిరుగుతోంది. కొట్టు మూసే సంగతి చెప్పాలనే వచ్చింది. ఆ ముఖాలను చూశాక నోరు రాలేదు.

సంతకాలయ్యాయి, కుర్చీలు మడిచారు. చివర ఒకామె మిగిలింది. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి, బొద్దుగా ఉంది, భుజానికి టిఫిన్ సంచి. దగ్గరికి వస్తే లవంగ నూనె వాసన వేసింది.

"అమ్మా, నేను... తప్పులు రాసి పంపుతుంటానే..."

"భూతద్దమా!" అంది ఆమె, అని నాలిక కరుచుకుంది.

ఆ అమ్మాయి ఎర్రబడి, తర్వాత నవ్వేసింది. "అలా పిలుస్తారా? బాగుందమ్మా." ఇన్నేళ్ళుగా ఆమె ఊహించుకున్నది కళ్ళద్దాలకు గొలుసు కట్టుకున్న సన్నటి, కటువైన పెద్దమనిషిని. ఈ అమ్మాయి గొంతు పక్కవాళ్ళకు కూడా వినపడనంత మెత్తగా ఉంది.

"ఈసారి తప్పు చెప్పడానికి రాలేదు. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకూడదు."

"అడుగు."

"ఇంట్లో ఎవరికి బాగోలేదమ్మా?"

ఆమె సంచి సర్దుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఈ సంగతి పబ్లిషరుకు తప్ప బయట ఎవరికీ తెలియదు. ఉత్తరాల్లో పిన్ని కబుర్లు, పిల్లి ఫోటోలు తప్ప ఇంటి మాట ఒక్కటి రాయలేదు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మాలో కొందరం కూర్చుని కనిపెట్టాం. ఈ రెండు పుస్తకాల్లో పిన్ని కొట్టు దాటి వెళ్ళలేదు. కేకేస్తే వినిపించేంత దూరంలోనే తిరుగుతుంది. ఎవరు ఏం తిన్నా మెత్తగా ఉడికినదే. చివరి టీ బల్ల దగ్గర కూడా ఒకళ్ళకి చెంచాతో పట్టించారు, ఎందుకో చెప్పలేదు." ఆగి, గొడుగు పిడిని తిప్పుతూ నిలబడింది. "ఇంకా చెప్పనా?"

"చెప్పు."

"హంతకుడు నాలుగో అధ్యాయానికే తెలిసిపోతున్నాడు. ఇదివరకు మీరు మాకు దొరికేవారే కాదు. మొదట, క్షమించండి, పెద్దావిడ కదా, పట్టు తప్పిందేమో అనుకున్నాం. మళ్ళీ చదివితే అలా అనిపించలేదు. ఒకే గుర్తు రెండుసార్లు, మూడుసార్లు చెబుతున్నారు, చంటిపిల్లకు చెప్పినట్టు. ఎవరికో చదివి వినిపిస్తున్నారని, వాళ్ళు కనిపెడితే బాగుండునని మీరు ఎదురుచూస్తున్నారని అనుకున్నాం."

ఆమెకు ముందు కోపమే వచ్చింది. అడగకుండా ఎవరో ఇంట్లోకి వచ్చి దుప్పట్లు ఎత్తి చూసినట్టు అనిపించింది. "ఇదేం పనమ్మా? కథలు చదవమంటే నా ఇల్లు సోదా చేశారా?"

"మీ దగ్గర నేర్చుకున్నదే కదమ్మా" అంది భూతద్దం, తల వంచుకుని.

కోపం నిలబెట్టుకోవడానికి కూడా బలం కావాలి, అది లేదు. గది బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆ రెండు నవలలూ అలిసిపోయి పేలవంగా రాశానని అనుకుందిగానీ, వదినను గెలిపించడానికి రాశానని ఇంతవరకు ఆమెకే తట్టలేదు. హంతకుడి బురద చెప్పులు మళ్ళీ మళ్ళీ వదిన ముందుకు ఎందుకు తీసుకొచ్చిందో, ఎవరో పరాయి పిల్ల చెబితే తెలిసింది.

"మా వదిన" అంది. ఒకసారి మొదలుపెట్టాక ఆపలేకపోయింది. పళ్ళు తోముకుంటూ పడిపోవడం దగ్గర నుంచి, నిన్న మధ్యాహ్నం మాత్ర నలిపి నీళ్ళలో కలిపితే ఉమ్మేసిన సంగతి దాకా చెప్పింది. ఏడవలేదు. సరుకుల చీటీ చదివినట్టు చెప్పుకుంటూ పోయింది. భూతద్దం పక్క మెట్టు మీద కూర్చుని ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

ఆ శుక్రవారం పాఠకులకు వెళ్ళిన ఉత్తరంలో నాలుగే వాక్యాలున్నాయి. ఇంట్లో మనిషికి పక్షవాతం వచ్చిందని, పుస్తకం ఎప్పుడు వస్తుందో తెలియదని, రావచ్చు రాకపోవచ్చని, ఎదురుచూడలేనివాళ్ళను తప్పుపట్టనని. చాలామంది మంచి మాటలు రాశారు. కొందరు చిరాకుపడ్డారు. ఒకావిడ, ఈ వారం పిల్లి ఫోటో ఎందుకు లేదని అడిగింది.

మర్నాడు పబ్లిషరు ఒక సంచీ నిండా కమలాపండ్లతో ఊడిపడ్డాడు. ముఖం మాడిపోయి ఉంది. తేదీ ఎలా మార్చడం, షాపులవాళ్ళకు ఏం చెప్పడం, అట్టలు అచ్చయి కూర్చున్నాయి అని గుమ్మంలోనే మొదలుపెట్టాడు. అలా మాట్లాడుతూనే లోపలి గదిలోకి వచ్చి, వదినను చూసి ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంటికి ఎన్నోసార్లు వచ్చాడు, ఈ రెండేళ్ళలో రాలేదు. ఒకప్పుడు ఇదే వదిన ఆయన అట్టలను చూసి, "హంతకుడి బొమ్మ కూడా వేసేయకపోయావా, చదివే శ్రమ తప్పేది" అని ఏడిపించేది.

"బాగున్నారా అమ్మా?" అన్నాడు, ఏమనాలో తెలియక.

వదిన ఆయన్నీ, చేతిలోని అట్ట నమూనానూ చూసింది. "తర్వాత" అంది, స్పష్టంగా.

పబ్లిషరు బిక్కముఖం వేసుకుని నిలబడ్డాడు. ఆ సమయంలో ఆ "తర్వాత"కు దుప్పటి మార్చమని అర్థం. హత్యలత్తయ్యకు తెలుసు, కానీ చెప్పలేదు.

"సరేనమ్మా" అన్నాడాయన చివరికి. "తర్వాతే వేద్దాం. మీరు చెప్పాక తిరుగేముంది." అట్టను మడిచి సంచిలో పెట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

పై వారం నుంచి భూతద్దం రావడం మొదలుపెట్టింది. క్లినిక్కుకు సెలవున్న రోజు మధ్యాహ్నం వచ్చేది. ఏం చేయమంటారని అడిగితే, ఏం చెప్పాలో హత్యలత్తయ్యకు తోచలేదు. ఇతరుల చేత పని చేయించుకోవడం కూడా ఒక పనే, అది ఆమెకు అలవాటు లేదు. "ఏదైనా చదివి పెట్టు" అంది. భూతద్దం అలమారలోంచి మొదటి నవల తీసుకుంది. ఆమె తడి దుప్పట్లు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళింది. లోపలి నుంచి ఆ మెత్తని గొంతులో, తను ఎప్పుడో రాసి మరిచిపోయిన వాక్యాలు వినిపిస్తున్నాయి. అంత బాగా రాసేదాన్నా అనుకుంది. దుప్పటి తీగ మీద వేసి క్లిప్పు పెడుతుంటే చదవడం ఆగింది.

"అమ్మా, ఒకసారి రండి."

ఏమైందో అని చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తింది. వదిన ఎడమ చెయ్యి గాల్లో ఉంది. దించడం లేదు.

"గడియారాల ఆయన అప్పుడే కొట్లోకి వచ్చాడు, అంతే, పేరు కూడా చదవలేదు" అంది భూతద్దం. "ఈవిడ చెయ్యి ఎత్తేశారు."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. రెండేళ్ళుగా కొత్త పేజీలు తెచ్చి చదువుతోంది, అవి వదినలో నిలవడం లేదు. పాతవి లోపల ఎక్కడో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, డాక్టరూ చెప్పలేదు, తనకూ తోచలేదు. సంతోషపడాలని తెలుస్తోంది, ఒళ్ళు మాత్రం సహకరించలేదు.

"వీడే వదినా. నువ్వు చెప్పినవాడే" అంది. వదిన చెయ్యి దించింది. "తర్వాత" అంది, భూతద్దం వైపు తిరిగి. ఈసారి దానికి తర్వాత అనే అర్థం. భూతద్దం పేజీ తిప్పింది.

హత్యలత్తయ్య పక్క గదిలోకి వెళ్ళింది. రెండు నిమిషాలు నడుం వాల్చుదామని చాప మీద పడుకుంది. లేచేసరికి కిటికీలో ఎండ పోయింది. ఎవరో ఆమె కాళ్ళ మీద దుప్పటి కప్పారు. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు, చదువుతున్న గొంతు మాత్రం లేదు. వదిన నిద్రపోతోందట.

ఆగిపోయిన నవల మరుసటి ఏడాది పూర్తయింది. మునుపటంతగా అమ్ముడుపోలేదు, ఆ మధ్యలో చాలామంది పాఠకులు వేరే రచయితల దగ్గరికి వెళ్ళిపోయారు. పబ్లిషరు "పరవాలేదమ్మా" అన్నాడుగానీ, ఆయన గొంతులో పాత హుషారు లేదు. పిన్ని కొట్టు మూయలేదు. మూయడానికి ఒక మంచి అధ్యాయం రాయాలి, అది రాయబుద్ధి కాలేదు. కొత్త నవలను వదినకు చదివి వినిపించలేదు కూడా. ఆవిడ పాతవాటిలోనే ఉంది, ఒక వరుస అయిపోతే భూతద్దం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతోంది.

హత్యలత్తయ్య నడుం నొప్పి తగ్గలేదు. శుక్రవారం ఉత్తరం నెలకొక్కటి అయింది. రోజుకు ఒక పేజీ రాస్తుంది, కొన్ని రోజులు అదీ లేదు. ఆ పేజీ అయ్యాక బల్ల సర్ది, వదిన కుడి చేతిలో రబ్బరు బంతి పెట్టి, తను కుర్చీలో వెనక్కి వాలుతుంది. ఇద్దరిలో ముందుగా ఎవరు కునుకుతారో ఏ రోజుకారోజు చెప్పలేం.